తప్పు గ్రూపులో మా పిన్ని

మా పిన్ని ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే ఆవిరి. యాభై నాలుగో ఏట ఆమెకు చదువు మీదికి గాలి మళ్లింది. ఆసుపత్రి వెనక గదిలో వారానికి రెండు మధ్యాహ్నాలు నడిచే పెద్దవాళ్ల తరగతిలో చేరింది. "ఇప్పుడెందుకు పిన్నీ?" అని అడిగినందుకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అడిగిన నాదే బుద్ధి తక్కువ, ఒప్పుకుంటున్నాను.

చదువుకునే ప్రతి ఒక్కరికీ తరగతివాళ్లే ఒక ఫోను ఇచ్చారు. అక్కడ చదువు చెప్పే టీచరమ్మ పలక ముందు ఎంత నిదానమో, ఫోను ముందు అంత కంగారు. ఆమె చూసుకునే గ్రూపులు రెండు. ఒకటి జిల్లా అంతటా ఇలాంటి తరగతుల్లో చదువుకునేవాళ్లది, ఒకటి చెప్పేవాళ్లది. రెండింటికీ తెరిచిన పుస్తకం బొమ్మే. మా పిన్ని నంబరును తీసుకెళ్లి చెప్పేవాళ్లలో పడేసింది.

అక్కడ నూట ఇరవై మంది టీచర్లు పొద్దస్తమానం వాదించుకుంటున్నారు. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేటప్పుడు ఫోను ఉండాలా, వద్దా అన్నదే గొడవ. మా పిన్నికి అవన్నీ చదవడం ఎక్కడొచ్చు? కానీ ఫోనులో చదివి వినిపించే మీట ఒకటుంది. అది చూపించింది నేనే. నొక్కితే ఒక ఆడగొంతు గడగడా చదివేస్తుంది. మనం ఏదైనా చెబితే ఫోనే అక్షరాలుగా మార్చి పంపేస్తుంది. ఇంకేం, పిన్ని కొంగు బిగించి వాదనలోకి దిగింది.

ఆమెకో పద్ధతి ఉంది. ప్రతి మెసేజీలో మొదటి వాక్యం తనే కూడబలుక్కుని చదువుతుంది. ఆ తర్వాతే మీట నొక్కుతుంది. తను చదివిందీ అది చదివిందీ కలిస్తే చేతిలో ఉన్న దుప్పటి కుడివైపు దొంతరలోకి, కలవకపోతే ఎడమవైపు దొంతరలోకి. సాయంత్రం ఏది ఎత్తుగా ఉందో చూసుకుని ఇంటికొస్తుంది. ఆ రెండు దొంతరలెందుకో సూపర్‌వైజరుకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈ సంగతే గ్రూపులో చెప్పింది. "ముందు మనం చదవాలి తర్వాత దాన్ని చదవనివ్వాలి ముందే దాన్ని చదవనిస్తే మన నోరు మూతపడుతుంది" అని. ఆ ఫోనుకు చుక్కలూ కామాలూ పెట్టే అలవాటు లేదు. ఊపిరి తీసుకునే సందు లేని ఆ మాటల్లో టీచర్లకు మహా లోతు కనిపించింది. మేడంగారు తలపండిన మనిషి అని ఒకరు రాశారు. ఇంకోరోజు మైకు ఆపడం మరిచి పక్క బల్లావిడతో "ఉన్నినీ నూలునీ ఒకే వేడిలో వేస్తే ఎలా, ఉన్ని ముడుచుకుపోదూ?" అంది. అదీ వెళ్లిపోయింది. విద్యార్థుల మధ్య తేడాలను ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదని దానికి నలభై ఒక్క చప్పట్లు పడ్డాయి.

నాకు ఇవేమీ తెలియవు. ఒకరోజు భోజనం దగ్గర దిగాలుగా కూర్చుంది.

"మా క్లాసువాళ్లు ఎంత బాగా మాట్లాడతారే. పరిశోధనలంటారు, గణాంకాలంటారు. అందరికంటే నేనే వెనకబడిపోయాను."

ఫోను తీసుకుని చూశాను. నవ్వు ఆపుకోలేక పొలమారింది. దగ్గి దగ్గి, చివరికి అసలు సంగతి చెప్పాను.

"వాళ్లంతా టీచర్లా?" పిన్ని కంచం పక్కకు జరిపింది. "మరి మా క్లాసువాళ్లు ఎక్కడున్నారే?"

చడీచప్పుడు లేకుండా బయటికొచ్చెయ్యమన్నాను. వచ్చేసేదే. కానీ గ్రూపు పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు గారు, ఆ వారమే ఒక తీర్మానం పెట్టారు. చదువుకునేవాళ్లకిచ్చిన ఫోన్లన్నీ వెనక్కి తీసేసుకోవాలట. ఆదివారం ఉదయం ఆన్‌లైన్‌లో సమావేశమై, చేతులెత్తి తేల్చేస్తారట.

"ఇది పట్టుకుపోతే వారానికి రెండు రోజులే నా చదువు. మిగతా ఐదు రోజులు నా తప్పు ఎవరే చెప్పేది?" అంది పిన్ని.

"నేను చెబుతాలే."

"నీకు ఓపికెక్కడిది? రెండో అక్షరానికే అందించేస్తావు."

నిజమే. నాకు రోషం వచ్చింది కానీ నిజమే.

ఆదివారం నా లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. తెరనిండా టీచర్లు. హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"మన సీనియర్ మేడంగారు ఫోను పక్షం. ముందు వారి మాట విందాం. ఎన్నేళ్ల అనుభవమమ్మా మీది?"

"ఏడు నెలలండి."

"ఎంతమందికి నేర్పారు?"

"ఒక్కరికేనండి."

"ఎవరికి?"

"నాకేనండి. నేను టీచర్ని కాదు, చదువుకునేదాన్ని. పొరపాటున మీలో పడ్డాను."

మా టీచరమ్మ గబుక్కున కెమెరా ఆపేసుకుంది. హెడ్మాస్టరు గారు తెర దగ్గరికి వంగారు. "అంటే ఇన్నాళ్లూ మీకు చదివిపెట్టింది ఫోనేగా? నేను మొత్తుకునేదీ అదేనమ్మా" అన్నారు.

"ఇప్పుడు దాని నోరు నొక్కేస్తానండి. మీ కాగితం తెర మీద పెట్టండి, నేను చదువుతాను."

తీర్మానం తెర మీదికి వచ్చింది. పిన్ని మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. ఒక్కో అక్షరం బయటికి వస్తోంది. ఒకచోట ఆగిపోయింది. నేను నోరు తెరిచాను. బల్ల కింద నా తొడ మీద గట్టిగా గిల్లింది. తెర పక్కన చూద్దును కదా, టీచర్లందరి పెదాలూ చప్పుడు లేకుండా ఆ అక్షరాన్నే పలుకుతున్నాయి. ఒకాయన గాలిలో రాసి చూపిస్తున్నాడు. హెడ్మాస్టరు గారైతే నోరు సున్నాలా చుట్టి మెడ ముందుకు సాచేశారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిన్ని వాళ్లెవరినీ చూడలేదు, వేలినే చూసుకుంటోంది. నాలుగు నిమిషాలు పట్టింది.

"ఫోను... చేతికిస్తే... పెద్దవాళ్లు... ఎప్పటికీ... సొంతంగా... చదవడం... నే...ర్చు...కో...రు."

తలెత్తింది.

"సరిగ్గా చదివానాండీ?"

హెడ్మాస్టరు గారు చాలాసేపు మాట్లాడారు. ఒక్క ముక్క వినిపించలేదు. మైకు ఆపి ఉందని అందరూ చేతులు ఊపారు. ఆయన తడుముకుని, మీట వెతికి నొక్కారు.

"సరిగ్గానే చదివారమ్మా," అన్నారు. "నేనే తప్పు రాశాను."