కొట్టుగది నిండుగానే ఉండేది

మొన్న మాఘమాసంలో గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల హాలు బయట చిన్న తాటాకుల పాక వేసి, అందులో రోలు పెట్టించి, ఇద్దరు ఆడవాళ్ళ చేత నువ్వులూ బెల్లమూ దంపిస్తూ, వచ్చిన వాళ్ళ చేతుల్లో చిమ్మిలి ఉండలు పెడుతున్నారు. దంచిన నువ్వుల్లోంచి నూనె ఊరి బెల్లంలో కలిసేటప్పటి ఆ కమ్మటి వాసన గేటు దాకా వచ్చి నన్ను నిలబెట్టేసింది. పాక మీద రంగుల బోర్డు, మన అమ్మమ్మల ఆరోగ్య రహస్యం అని. నా పక్కన ఒకాయన ఉండ కొరుక్కుంటూ, ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఇవన్నీ తిన్నారు కాబట్టే అంత గట్టిగా ఉన్నారండీ అన్నాడు. ఎవరు తిన్నారు, మీరు చూశారా అని అడగబోయి, శుభమా అంటూ పెళ్ళి జరుగుతుంటే రభస ఎందుకని నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు మింగిన మాటలు ఇంకా గొంతులోనే ఉన్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

మాది మార్టూరుకి తూర్పున ఒక నల్లరేగడి పల్లె. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటిన రోజులు. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. ఇంట్లో నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, అమ్మా నాన్న, అప్పటికింకా పెళ్ళికాని బాబాయి, మేం పిల్లలం. పత్తీ మిరపా పండే పొలం, రెండు జతల ఎడ్లు, పాడి. తిండికి లోటున్న ఇల్లు కాదని ఊరంతా అనేది. నిజమే, కొట్టుగది ఎప్పుడూ నిండుగానే ఉండేది.

ఆ గది నాయనమ్మ రాజ్యం. దాని సర్దుబాటు తెలిసినట్టు ఆమెకు లోకంలో మరేదీ తెలియదు. సంక్రాంతి వెళ్ళి కంది కోతలు అవగానే కందులకు ఆముదం పట్టించి ఎండబెట్టి పాత కుండల్లో పోసేది. పెసలూ మినుములూ వేపాకు కలిపి ఒక వరస, జొన్నలూ కొర్రలూ గోడ పక్క గాదెల్లో, నువ్వులు మూతికి గుడ్డ కట్టిన బానల్లో, బెల్లం అచ్చులు ఎండుగడ్డి పరిచిన గంపలో, గోంగూర, పండుమిరప తొక్కు, చింతకాయ, ఆవకాయ పింగాణీ జాడీల్లో, వాటిపైన దూలానికి వేలాడే ఉట్టిలో నెయ్యి. వానాకాలం ముసురు పట్టినా ఆ గదిలో గింజ మెత్తబడేది కాదు, ఒక్క పురుగు కనబడేది కాదు. తలుపు తీసినప్పుడు నువ్వులూ బెల్లమూ వేపాకూ మిరపకాయా కలిసి వచ్చే వాసన కోసం నేను గుమ్మంలో కాచుకుని ఉండేదాన్ని. వాసనకైతే తాళం లేదు. తలుపుకి మాత్రం పిడికిలంత ఇత్తడి తాళం, దాని చెవి నాయనమ్మ మొలతాడుకి.

పొద్దున్నే ఆమె చేటలోకి కొలిచి ఇచ్చిందే ఆ పూటకి వంట. వండింది ముందు మగవాళ్ళు తినాలి. తెల్లటి వరన్నం, ముద్దపప్పు, దాని మీద నెయ్యి, కోడి పెట్టిన రోజున గుడ్డు, మీగడ పెరుగు వాళ్ళకి. తరవాత మగపిల్లలు, ఆ తరవాత మేం ఆడపిల్లలం. అందరి కంచాలూ కడిగాక అమ్మా పెద్దమ్మా పొయ్యి పక్కన కూచుని, అడుగున మిగిలిన సంకటీ, పల్చటి మజ్జిగా, ఇంత పచ్చడీ వేసుకునేవాళ్ళు. పప్పు మిగిలితే పప్పు, లేకపోతే లేదు. చాలకపోతే ఇంకాస్త వండుకోవడమనేది లేదు, గింజలు తాళం లోపల ఉన్నాయి. ఎవరి కాళ్ళ చప్పుడైనా వినబడితే కంచం మీద కొంగు కప్పేవాళ్ళు. కోడలు తింటుండగా ఎవరైనా చూస్తే అదో తప్పు.

ఇదంతా అందరి ఇళ్ళలోనూ ఉన్నదే గదా అంటారు. ఉంది. అందుకే నా కోపం ఒక్క ఇంటి మీద కాదు.

బాబాయికి పెళ్ళయి రాజ్యం పిన్ని మా ఇంటికి వచ్చింది. వాళ్ళది కొత్తపట్నం వైపు ఊరు. చేపలూ రొయ్యలూ తిని సముద్రపు గాలికి పెరిగిన పిల్ల, నున్నగా నల్లగా మెరుస్తూ ఉండేది. నాకన్నా మహా అయితే ఎనిమిదేళ్ళు పెద్ద. మధ్యాహ్నం పూట పని తెమలగానే వసారాలో నాతో అచ్చనగాయలు ఆడేది. గవ్వలు ఎగరేసి చేతి వెనక పట్టడంలో ఆమెని మించిన వాళ్ళు మా వీధిలో లేరు. ఓడిపోయినప్పుడు నేను ఏడిస్తే, తరవాతి ఆటలో కావాలనే ఓడిపోయి నన్ను గెలిపించేది. వాళ్ళ ఊళ్ళో తుపాను వచ్చినప్పుడు పడవలు వీధుల్లోకి కొట్టుకొచ్చాయని కథలు చెప్పేది.

ఏడాది తిరక్కుండా ఆమె కడుపుతో ఉంది. ఆ నెలల్లోనే ఆమె మెరుపు పోయింది. చేతిగోళ్ళు తెల్లబడ్డాయి, పెదాలు బూడిద రంగుకి తిరిగాయి, బావి దగ్గర నుంచి బిందె తెచ్చి అరుగు మీద కూలబడి ఆయాసపడేది. ఒకరోజు నా పలకసంచీలో బలపాలు మాయమయ్యాయి. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే గడ్డివామి చాటున కూచుని పిన్ని వాటిని కరకర నములుతోంది. నన్ను చూసి భయపడి, ఎవరికీ చెప్పొద్దంది. నోరు లాగేస్తోందే, ఏదో ఒకటి నమలాలనిపిస్తోంది అంది. పొయ్యిలో కాలిన మట్టి కూడా తినేది. గర్భిణికి అవన్నీ వేవిళ్ళ కోరికలని నవ్వేవాళ్ళు. ఒంట్లో రక్తం చచ్చిపోతే మనిషి మట్టి వెతుక్కుంటుందని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

అదే సంవత్సరం మా దొడ్లో గేదె చూడిది. పొద్దునా సాయంత్రం దానికి నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు, తవుడు, నువ్వులు గానుగాడగా మిగిలిన తెలకపిండి. ఎడ్లకు ఉడకబెట్టిన ఉలవలు. ఆ పత్తిగింజలు రుబ్బేది పిన్నే, ఆ ఉలవలు ఉడకబెట్టేది పిన్నే. చిమ్మిలి తినాలని ఉందని అమ్మతో అంటే, అమ్మ భయపడుతూనే నాయనమ్మని అడిగింది. నువ్వులు వేడి, పిండం జారిపోతుందని ఆమె చెప్పింది. ఆకుకూరలు పెడితే వాతం, గుడ్డు పెడితే బిడ్డ లావై కాన్పు కష్టం, పెరుగు చలవ. అలా ప్రతిదానికీ ఒక కారణం ఉంది. మగవాళ్ళ విస్తట్లో వేసేటప్పుడు మాత్రం ఏ వస్తువుకీ ఏ దోషమూ లేదు.

శ్రావణంలో, ముసురులో, నొప్పులు వచ్చాయి. మంత్రసాని పొద్దుటి నుంచి కష్టపడి, చివరికి బయటికి వచ్చి ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. ఒంట్లో నెత్తురుంటేగా, ఉన్న కాస్తా పోతావుంది అని పెద్దమ్మతో అన్న మాట నేను విన్నాను. బండి కట్టారు. రేగడి బురదలో ఇరుసు దాకా దిగబడుతూ ఆ బండి రోడ్డు ఎక్కేలోపే పిన్ని పోయింది. బిడ్డ అసలు ఏడవనే లేదు.

పదకొండో రోజు దినం పెట్టారు. కొట్టుగది తలుపులు బార్లా తెరిచారు. గారెలు, బూరెలు, ముద్దపప్పు, ఊరందరికీ బంతులు వేశారు. బతికుండగా ఆ పిల్ల ముద్దలో ఒక చుక్క పడని నెయ్యి, ఆ వేళ జాడీలకు జాడీలు విస్తళ్ళలో కారింది. ఎంత ఘనంగా చేశారో అని చెప్పుకుంటూ జనం చేతులు కడుక్కున్నారు. పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. సంవత్సరం నిండకుండా బాబాయికి మళ్ళీ సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు అమ్మ కడుపుతో ఉంది. మిరప కోతల కాలం. కళ్ళమంతా ఎర్రగా పరిచిన కాయలు, గాలి వీస్తే కళ్ళు మండే ఘాటు. కూలీలతో పాటు తాలుకాయలు ఏరుతున్న అమ్మ ఉన్నట్టుండి ఆ కాయల మీదే పడిపోయింది. మొహాన నీళ్ళు చల్లి ఇంటికి మోసుకొచ్చారు. మంచం మీద పడుకోబెట్టి పెద్దమ్మ ఆమె చేతిని తిప్పి గోళ్ళు చూసింది. నేనూ చూశాను. తెల్లగా ఉన్నాయి.

పెద్దమ్మ గురించి చెప్పాలంటే, ఆమె పిల్లలు లేని మనిషి, ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా గొంతు పెంచని మనిషి. ఆ పూట నాయనమ్మ ముందుకు వెళ్ళి, నువ్వులూ బెల్లమూ గుడ్లూ కావాలని మామూలుగానే అడిగింది. నాయనమ్మ వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే, మేమంతా కనలేదా, మాకెవరు పెట్టారు అంది. పెద్దమ్మ దొడ్లోకి వెళ్ళి గునపం తెచ్చింది. తలుపు గొళ్ళెంలో గునపం మొన దూర్చి కాలితో తన్నిపట్టి లాగితే, గొళ్ళెం మేకులతో సహా ఊడి గచ్చు మీద పడింది.

నాయనమ్మ లేచి వచ్చింది. "నా ఇంటో నా తాళం పగలగొడతావా?"

"పగలగొట్టా అత్తా," అంది పెద్దమ్మ. "చూడి గేదెకి పెట్టే తెలకపిండి కూడా పెట్టలేదు రాజ్యానికి. అప్పుడే పగలగొట్టాల్సింది."

నాయనమ్మ వసారాలో గోడకానుకుని కూచుండిపోయింది.

సాయంత్రం మగవాళ్ళు వచ్చే వేళకు రోట్లో చిమ్మిలి దంచి అమ్మ నోట్లో పెట్టడం అయింది. పెదనాన్న ఊడిన గొళ్ళెం చూసి వీధి వినబడేలా అరిచాడు, కర్ర తీశాడు. పెద్దమ్మ కదల్లేదు. "అన్నం ఉంది. ఇయ్యాల్టి నుంచి అందరికీ ఒకటే పప్పు, ఒకటే బంతి. ఇష్టమైతే కూచోండి," అంది. నాన్న ఒక్కసారి అమ్మ పడుకున్న మంచం వైపు చూసి, అన్న చేతిలో కర్ర తీసి మూలన పెట్టాడు. ఆయన్ని నేను ఆ ఒక్క పని కోసం క్షమించాను, అంతకు ముందు ఎందుకు చూడలేదన్నదానికి క్షమించలేదు. పెదనాన్న అలిగి బయటికి పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆకలి ఆయన్ని తీసుకొచ్చింది.

తరవాత రోజుల్లో అమ్మా పెద్దమ్మా కలిసి వంటింటిని తిరగదోడారు. ఉట్టి మీది నెయ్యి చేతికందే గూట్లోకి దిగింది. పొయ్యి పక్క గూట్లో నువ్వులు, వేయించిన వేరుశెనగపప్పులు, బెల్లం ముక్కలు మూత లేకుండా పెట్టారు, ఆకలేసిన పిల్ల అడగకుండా తీసుకోవచ్చు. కందులూ పెసలూ ముందు వరసకి వచ్చాయి, రోజూ పప్పు ఉండాలని. మిల్లు బియ్యం పండగలకి పోయి, దంపుడు బియ్యమూ జొన్నన్నమూ అందరి కంచాల్లోకి వచ్చాయి. గంజి పారబొయ్యడం మానేశారు. కుడితి తొట్టి పక్క నీళ్ళు పారే చోట తోటకూర చల్లారు. మునగచెట్టు ఆకు దూసి పప్పులో వేశారు. గుడ్లు ముందు అమ్మకి, మిగిలితే మగవాళ్ళకి. నాయనమ్మ నేర్పిన వేపాకూ ఆముదమూ మాత్రం అలాగే ఉంచారు, ఆ విద్య మంచిదే కాబట్టి.

నాకు చెల్లెలు పుట్టింది. ఇంటి చూరు ఎగిరిపోయేలా ఏడ్చింది.

నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ చెవి మొలతాడుకే ఉంచుకుంది. ఒకసారి ఆమె తల దువ్వుతుంటే మణికట్టు మీద పాత కాలిన మచ్చ చూసి అడిగాను. కోడలిగా వచ్చిన కొత్తల్లో నెయ్యి గరిటె నాకిందని వాళ్ళ అత్త అదే గరిటె కాల్చి పెట్టిందట. నవ్వుతూ చెప్పింది. నాకు జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. కాలిన చెయ్యే ఇంకొకరికి వాత పెట్టడం ఎలా సాధ్యమో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ స్థలంలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ లేచింది. గాదెలు పోయాయి, గేదెలు పోయాయి, దంపుళ్ళు పోయాయి, వసారాలో అచ్చనగాయలు ఆడే పిల్లలు పోయారు. పెద్దమ్మ నా చేతుల్లోనే పోయింది. వాటిలో కొన్నింటికి ఏడ్చాను, కొన్నింటికి ఊపిరి పీల్చుకున్నాను.

అమ్మ ఆఖరి సంవత్సరాల్లో నా దగ్గరే ఉంది. ఎనభై దాటిన మనిషి. మధ్యాహ్నం వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి కంచం చేతికిచ్చి ఎదురుగా కూచునేదాన్ని. ఆమె ఇష్టంగా తింటూ ఉండగా మావారో అబ్బాయో బయట చెప్పులు విడిచిన చప్పుడయ్యేది. అంతే, అమ్మ గబుక్కున కొంగు లాగి కంచం మీద కప్పేసేది. నేను ఎన్నిసార్లు తీసేసినా అంతే. పోయే ముందు రోజు కూడా, అందులో రెండు ముద్దల మజ్జిగన్నం మాత్రమే ఉన్నప్పుడు కూడా, కప్పుకుంది.