పసుపు రంగు కింద సంతకం

ఈ ఉదయం సుచిత్ర చౌరస్తాలోని మా ల్యాబులో, చిన్న ప్లాస్టిక్ గుంటలోని పసుపు జిగురు గంట గడిచినా పసుపుగానే ఉండిపోయింది. అందులో ఒక రోగి జీర్ణాశయం నుంచి తీసిన ఆవగింజంత ముక్క ఉంది. అల్సరు తెచ్చే క్రిమి ఉంటే ఆ జిగురు గులాబీ రంగుకు తిరగాలి. "లేదని రాసి పంపండి" అని డాక్టరు ఫోను చేశారు. ఆ పసుపు చూస్తే నాకు ఎస్తేరు మేడం గుర్తొస్తారు, దాంతోపాటు ఒక డాక్టరు చీటీ మీద పాత కోపం కూడా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను పని నేర్చుకున్న మేడ్చల్‌లోని చిన్న ఆసుపత్రి ల్యాబుకు ఆవిడే పెద్ద. అల్వాల్ నుంచి పొద్దుటి రైల్లో వచ్చేవారు. అంత యాసిడ్‌లో క్రిమి ఎలా బతుకుతుందని ఒకసారి అడిగాను. "కడుపుల ఉన్న యూరియానే పట్టుకొని అమ్మోనియా జేసుకుంటది బిడ్డా. యాసిడ్ తగలకుండ దాన్నే సుట్టూ కప్పుకుంటది. గా అమ్మోనియాకే మన పసుపు గులాబైతది" అన్నారు. దాని మొండితనం ఆవిడకు నచ్చేదనుకుంటాను.

లారీలు బాగుచేసే మా నాయినకు అప్పుడే కడుపులో పుండు తేలింది. పరీక్షలో పసుపు మారలేదు. క్రిమి లేదంటే తాగుడే కారణమనుకుని డాక్టరు చీటీ మీద "తాగుడు మానాలి" అని రాసేశాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, నా ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే తప్పు నాదే. నెల రోజులుగా మంట తగ్గాలని ఆసుపత్రి శాంపిల్ గోళీలు తెచ్చి రోజూ ఇచ్చింది నేను. మేడం తిడతారని ఫారంలో "మందులు ఏమీ లేవు" అని రాసిందీ నేనే. యాసిడ్ తగ్గించే ఆ గోళీలు వేసుకుంటే క్రిమి పలచబడిపోయి పరీక్షకు చిక్కదు.

ఆ సాయంత్రమే మేడంకు చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. ఇంకా సంతకం పెట్టని రిపోర్టు పట్టుకుని తిన్నగా డాక్టరు గదికి నడిచారు.

"ల్యాబువాళ్లు వైద్యం చెప్పొద్దు" అన్నాడాయన.

"వైద్యం చెప్తలేను సార్. నా సంతకం సంగతి చెప్తున్న. నేను నమ్మనిదాని కింద పెట్టను. గోళీలు బంద్ జేసి రెండు వారాలకు మళ్ల చేస్త."

ఆ రెండు వారాలూ నాయిన మజ్జిగ తాగుతూ మంటను పంటి బిగువున భరించాడు. రెండోసారి పావుగంటకే జిగురు గులాబీగా మారింది. క్రిమికి మందులు రాసిన చీటీ చేతికిస్తే నాయిన అందుకోలేదు.

"మందు సంగతి తర్వాత బిడ్డా. ముందుగాల గా తాగుడు అన్న మాట కొట్టేయమను."

మేడం పాత చీటీ తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చారు. ఆయన కొట్టేసి పక్కన సంతకం చేసేదాకా అక్కడే నిలబడ్డారు.

ఇవాళ ఫోను పెట్టేసి బయట కూర్చున్న రోగి దగ్గరికి వెళ్లాను. పేట్ బషీరాబాద్ నుంచి వచ్చిన పెద్దావిడ. "గ్యాస్ గోళీలు ఏమన్నా వేసుకుంటున్నవా అవ్వా?" అని అడిగాను. పక్కన కూర్చున్న కూతురు తిడుతుందేమోనన్నట్టు అటు చూసి, కొంగు ముడి విప్పి సగం వాడిన గోళీల పట్టీ చూపించింది. మళ్లీ ఫోను మోగుతోంది. రిపోర్టు కింద సంతకం చోటు ఖాళీగా వదిలేసి, ఇప్పుడే సంతకం పెట్టనని చెప్పడానికే ఫోను ఎత్తాను.