స్వర్ణ థీసిస్‌లో లేని అక్షింతలు

స్వర్ణకు నోరు లేదని మా డిపార్ట్‌మెంటులో అందరూ అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నోరు లేకపోవడమేమిటి, తెరవనిస్తే కదా!

తొంభై నాలుగు నాటి సంగతి. క్యాంపస్‌లో మా ఫిజిక్స్ బిల్డింగు కింది అంతస్తులో స్వర్ణ ల్యాబు, దాని పక్కనే నా లేజర్ గది. ఇద్దరం రీసెర్చ్ స్కాలర్లమే. స్వర్ణ పొద్దున్నే లాలాపేట్ నుంచి నడిచొచ్చి, తన గాజు తొట్టి మీద మూత సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాకే మంచినీళ్లు తాగేది.

ఆ తొట్టిలో ఉన్నవి పటికలాంటి ఒక లవణాన్ని కరిగించిన నీళ్లు. వాటి వేడిని మెల్లగా తగ్గిస్తూ పోతే, లోపల వేలాడదీసిన చిన్న పలుకు మీద ఆ లవణం పేరుకుని తేటైన క్రిస్టల్ పెరుగుతుంది. నా లేజర్ కాంతి కంటికి కనపడదు. అది ఆ క్రిస్టల్‌లోంచి వెళితే అవతల పచ్చగా బయటికొస్తుంది. పెరిగేటప్పుడే ఇంకో పదార్థాన్ని చిటికెడు కలపడం డోపింగ్. కూరలో ఉప్పు లాంటిదే. పాళ్లు కుదిరితే క్రిస్టల్ ఇంకా తేటపడి పచ్చకాంతి పెరుగుతుంది, ఎక్కువైతే లోపలంతా మసకేస్తుంది.

స్వర్ణ ఒక అమైనో ఆమ్లాన్ని రకరకాల పాళ్లలో కలిపి చూసి, ఎక్కడ కుదురుతుందో పట్టుకుంది. గోరంత క్రిస్టళ్లు నా దగ్గరికి తెచ్చింది. మామూలు వాటికంటే ఎంత వెలిగాయంటే, నా మీటరు పాడైందేమోనని మళ్లీ మళ్లీ కొలిచాను. స్వర్ణ పళ్లన్నీ కనపడేలా నవ్వడం అప్పుడే చూశాను.

అయితే గోరంత క్రిస్టల్‌తో థీసిస్ నిలబడదు. సరైన కోణంలో కోసి, సానపట్టి కొలవాలంటే పెద్దది కావాలి. అది పెరగడానికి నెలలు పడుతుంది. ఎండాకాలం నుంచే తొట్టిలో అలాంటిదొకటి పెంచుతోంది. గైడు పరుశురాం సార్ ఆ డిసెంబరులో రిటైరవుతున్నారు, క్రిస్టళ్ల పని తెలిసిన గైడు ఇంకొకరు లేరు. ఆలోపు థీసిస్ ఇవ్వకపోతే ఆమె చదువంతా గంగలో కలిసినట్టే. రైల్వే వర్క్‌షాపులో కలాసీగా చేసే వాళ్ల నాయిన దానయ్య మాత్రం అప్పటికే చర్చిలో అందరికీ చెప్పేసుకున్నాడు, "మా బిడ్డ డాక్టరైతది. సూదిమందు డాక్టరు గాదు, సదువు డాక్టరు" అని.

దసరా సెలవులకు ముందు ల్యాబుల్లో ఆయుధపూజ చేశారు. నేను జ్వరంతో గోల్నాకలో మా ఇంట్లో పడి ఉన్నాను. ఉంటే ఆ రోజు పెద్ద గొడవే అయ్యేది. తొట్టి బయట కుంకుమ బొట్టు పెట్టడం ఏటా ఉన్నదే, దాంతో నష్టం లేదు. ఈసారి సార్‌కు ముచ్చట పుట్టింది.

"మూత తియ్యమ్మా స్వర్ణా. అసలు ఆయుధం లోపలున్నది, బయట డబ్బాకు మొక్కితే ఏమొస్తది?"

"సార్, ఏదన్న పడితే..."

"వాళ్లకు ఇవన్ని ఉండయి గద సార్," అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

గదిలో అందరూ స్వర్ణ వైపు తిరిగారు. ఇంకొక్క మాటంటే పూజకు అడ్డుపడిందంటారు. మూత తనే తీసింది. అటెండర్ భీమయ్య కళ్లు మూసుకుని భక్తిగా అక్షింతలు చల్లాడు. నాలుగు గింజలు నీళ్లలో పడ్డాయి.

లవణం నిండుగా కరిగి ఉన్న నీళ్లలో నలుసు పడినా చాలు, దాన్ని పట్టుకుని గడ్డకట్టడం మొదలవుతుంది. తెల్లారేసరికి తొట్టి అడుగంతా రవ్వ పోసినట్టు తెల్లటి పలుకులు. పెద్ద క్రిస్టల్ చుట్టూ మసక పొర.

జ్వరం తగ్గి నేను వచ్చేసరికి స్వర్ణ తొట్టి కడుగుతోంది. ఏడవలేదు. ఆమె బదులు నాకే ఏడుపొచ్చింది. చేయి పట్టుకుని సార్ గదికి లాక్కెళ్లాను.

"అయితే థీసిస్‌ల అక్షింతలని రాస్తవా?" అన్నారు సార్. "క్రిస్టియన్ పిల్ల పూజ మీదికి నెట్టిందంటరు. నీకు మంచిదా, నాకు మంచిదా? డోపింగ్ వల్లనే క్రిస్టల్ మసకబారిందని రాయి. అది కూడ రిజల్టే."

"మరి చిన్నయి మంచిగ వెలిగినయి గద సార్?" అంది స్వర్ణ.

"చిన్నయి లెక్కకు రావు. తీసెయ్."

నేను నోటికొచ్చినట్టు అనబోతే స్వర్ణ నన్ను బయటికి తీసుకొచ్చింది. "కొట్లాడి గెలుస్తనని నువ్వు మాటియ్యగలవా, వాసంతీ?" అని అడిగింది. నేనేం మాటివ్వగలను? సార్ చెప్పినట్టే రాసింది.

మరుసటి ఏడాది వైవాకు బయటి నుంచి పెద్ద ప్రొఫెసర్ వచ్చాడు. దానయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరుసలో కూర్చున్నాడు. ప్రొఫెసర్ నిజంగానే థీసిస్ అంతా చదివాడు. సూటిగా అడిగాడు, ఈ మసకకు డోపింగే కారణమని ఎలా అంటారు, బయటి మలినమేదైనా పడి ఉండొచ్చు కదా, అని.

స్వర్ణ నోరు తెరిచింది. ముందు వరుసలో పరుశురాం సార్ కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. తలుపు దగ్గర భీమయ్య టీ కప్పులతో నిలబడి ఉన్నాడు.

"ఏమీ పడలేదు సర్," అంది.

ప్రొఫెసర్ థీసిస్ మూసి, అందరి వైపు తిరిగి ఇంగ్లిషులో మెచ్చుకున్నాడు. పని చెడితే దాచిపెట్టేవాళ్లే ఎక్కువట. ఈ అమ్మాయి చెడిన ఫలితాన్ని కూడా ఉన్నదున్నట్టు రాసిందట. ఇలాంటి నిజాయితీ ఈ రోజుల్లో అరుదట. హాలంతా చప్పట్లు. పరుశురాం సార్ మీద ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

బయటికి రాగానే దానయ్య కూతురి చేయి పట్టుకున్నాడు. "ఆ పెద్దసారు నీ గురించి ఇంగ్లిష్‌ల మస్తు చెప్పిండు గదనే. అందరు సప్పట్లు గొట్టిండ్రు. ఏమన్నడు బిడ్డా?"

స్వర్ణ నేల చూసింది.

"నిజం దాచని పిల్లనన్నడు, నాయినా."

దానయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు. తార్నాక దాకా కనపడిన ప్రతివాళ్లనూ ఆపి ఆ మాటే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నిజమేనా కాదా అన్నట్టు కూతురి వైపు తిరిగేవాడు. స్వర్ణ అవునని తలూపేది.