మక్కచేను వలలో కొండచిలువ

“వల కట్టుడు అయిపోయింది. ఇగ పందులు రావు. ఆకలైతుంది, బువ్వ తే.”

“తెస్త గని, నువ్వు నీడకు కూసో.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు అవే. నేను సద్ది తెచ్చేసరికి గట్టు మీద ఒరిగిపోయి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. మరుసటి ఏడు, తెలంగాణ వచ్చిన ఏడు, మళ్లీ మక్కజొన్నే వేశాను. ఆయన కట్టిన వల విప్పడానికి మనసు రాక అట్లాగే ఉంచాను.

ఆ వానాకాలం ఒక పొద్దున వలలో కొండచిలువ చిక్కి కనిపించింది. బాగా గుంజుకుందేమో, నైలాన్ దారం తోలు కోసి లోపలికి దిగింది. మేకలున్నవాళ్లు కట్టెలు పట్టుకొని వచ్చారు. వాళ్లనూ తప్పు పట్టలేను. పోచారం అడవి పక్క ఊరు మాది, మేకపిల్లలు పోతూనే ఉంటాయి. కానీ ఆయన చేతులు చివరగా చేసిన పని ఆ వల. అందులో ఒక ప్రాణం పోతే ఇక ఆ చేనులోకి నేను ఎట్లా అడుగు పెట్టేది?

“ఆయన పందులకు కట్టిండు, దీన్ని సంపనీకి కాదు. కట్టెలు కింద పెట్టుండ్రి,” అన్నాను.

చివరికి అందరికన్నా ఎక్కువ మేకలున్న మా మరిదే కట్టె పారేసి, దాని తలమీద తడి గోనెసంచి కప్పి అదిమి పట్టాడు. నేను కొడవలితో వల కన్నులు ఒక్కొక్కటే కోశాను. ఎల్లారెడ్డి నుంచి పశువుల డాక్టరు వచ్చి కుట్లు వేశాడు. పుండు ఆరేదాకా కదిలించవద్దని డాక్టరుతో వచ్చిన ఫారెస్టు అతను చెబితే, మా వాకిట్లో పశువులు నీళ్లు తాగే ఖాళీ గోలెంలో పెట్టి గంప బోర్లించాం.

అంతలో నాగుల పంచమి వచ్చింది. పుట్టకు పోవలసిన ఆడవాళ్లంతా మా వాకిటికే వచ్చి గోలెంలో పాలు పోశారు. వద్దనాలని ఎవరికీ తోచలేదు. తెల్లారి చూస్తే పుండు నిండా చీమలు. పోసినవాళ్లే బిందెలతో నీళ్లు మోసుకొచ్చి కడిగారు.

“తానం జేపిచ్చినం. ఇగ తలకు నూనె గూడ పెట్టాల్నా అక్కా?” అంది ఒకామె. ఆయన పోయాక నేను నలుగురిలో నవ్వింది ఆ రోజే.

పుండు ఆరాక ఫారెస్టు అతనితో వెళ్లి అడవి అంచున వదిలిపెట్టాం. గడ్డిలోకి నిమ్మళంగా పోయింది. తర్వాత మా మరిది తన చేను చుట్టూ వల తీసేసి పాత చీరలు కట్టాడు. అవి గాలికి ఊగితే పందులు బెదురుతాయి, పాము కింది నుంచి పోతుంది. మరిదిని చూసి ఊళ్లో ఒక్కొక్కరే మార్చారు. నేను మాత్రం అందరికన్నా ఆఖర్న విప్పాను.

కోడలా, నేను చెప్పినట్టే, ఆయన వలల అది సావలేదని మంచిగ రాసినవా? ఏదీ, మొదటి నుంచి ఒకసారి సదివి వినిపియ్యి బిడ్డా.