ముక్కేగా, ఎక్కడికి పోద్ది

2022 మే నెల. నరసరావుపేటలో నేను ఈఎన్‌టీ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. ఎండలకి చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. మా వైపు గట్టు తగాదాలకి అదే అదను. ఒకడు పక్కవాడి గట్టు జానెడు చెక్కుతాడు, మాటా మాటా పెరుగుతుంది, మర్నాడు ఎవరి చెవో ముక్కో నా దగ్గరికి వస్తుంది.

ఆ ఉదయం బొల్లాపల్లి వైపు నుంచి ముగ్గురు వచ్చారు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న శిరీష, తండ్రి వెంకటేశ్వర్లు, వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయన. ముందురోజు సాయంత్రం తండ్రీ బాబాయీ గట్టు మీద కొట్టుకుంటుంటే శిరీష విడదీయబోయింది. బాబాయి చేతిలో ఉన్న పార కామ ముక్కు మీద తగిలింది. రక్తం అప్పుడే ఆగిపోయింది, పైకి చిన్న గీత తప్ప ఏమీ లేదు. అందుకేనేమో, ముగ్గురిలో కంగారు పడుతున్నది ఆ అమ్మాయి ఒక్కతే.

కొట్లాటలో తగిలిన దెబ్బని మేం ఎంఎల్‌సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకి కబురు చేయాలి. మా పల్నాట్లో చిక్కంతా ఇక్కడే. కాయితం స్టేషన్‌కి పోతే కేసవుతుంది, కేసయితే రాజీ చెడుతుంది. అందుకని రాజీ కుదిరేదాకా దెబ్బ తిన్న మనిషిని ఇంట్లోనే కూర్చోబెడతారు. వీళ్ళు నా దాకా రావడమే గొప్ప.

"మెట్ల మీంచి పడిందని రాయండి మేడం," అన్నాడు పెద్దమనిషి.

"కొడితే తగిలిన దెబ్బని పడితే తగిలిందని నేను రాయను."

"అన్నదమ్ముల యవ్వారం మేడం. రేపో ఎల్లుండో కూసోబెట్టి తెంచేస్తాం."

"తెంచుకోండి. నేను రాసేది నేను రాస్తాను."

ఆయన లేచాడు. "అయితే ఇప్పుడు చూడమాకండి. రాజీ అయినాక తీసుకొస్తాం. ముక్కేగా, ఎక్కడికి పోద్ది."

నాకు ఒళ్ళు మండింది. నన్ను అబద్ధం రాయమనడానికి ఎంత ధైర్యం అనుకున్నాను. "మీ ఇష్టం," అని తర్వాతి టోకెన్ పిలవమన్నాను. తలుపు దగ్గర శిరీష చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆగింది. "మేడం, రెండు పక్కలా గాలి ఆడట్లా," అంది. నేను తల ఎత్తలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆ ఒక్క మాటలో ఏముందో చెప్పాలంటే ముక్కు లోపలి సంగతి కాస్త చెప్పాలి. ముక్కు పైభాగం ఎముక. కింది భాగమంతా కార్టిలేజ్, చెవి డొప్పలో ఉండేలాంటి వంగే మెత్తటి ఎముక. కొసకి రూపమిచ్చే జత ఒకటి, దాని పైన పక్కగోడల్లాంటి జత ఇంకొకటి. రెండు రంధ్రాల నడుమ ఉండే గోడని సెప్టమ్ అంటాం. అందులోని కార్టిలేజ్ పలక, గుడిసెకి నిట్టాడిలాగా, ముక్కుని నిలబెడుతుంది. ఈ పలకకి సొంత రక్తనాళాలు లేవు. రెండు వైపులా అంటుకుని ఉండే పలచటి పొర నుంచే దానికి తిండి అందాలి. దెబ్బకి ఆ పొర కింద రక్తం చేరితే పొర విడిపోతుంది. దాన్నే సెప్టల్ హిమటోమా అంటాం. బయటికి ఏమీ కనపడదు. ముక్కు రెండు పక్కలా బిగదీసుకుపోతుంది, అంతే. వెంటనే చిన్న గాటు పెట్టి రక్తం తీసేసి, రెండు పక్కలా గుడ్డ దట్టిస్తే పొర మళ్ళీ అతుక్కుంటుంది. మూడు నాలుగు రోజులు దాటితే పలక చచ్చిపోయి చీము పడుతుంది.

వాళ్ళు ఆరో రోజు వచ్చారు. శిరీషకి ఒళ్ళు కాలిపోతోంది. టార్చి వేసి చూస్తే సెప్టమ్ రెండు వైపులా నేరేడుపళ్ళలా ఉబ్బి దారి మూసేసింది. గాటు పెడితే చీము వచ్చింది. లోపల పలక కోసం వెతికాను. ముక్కలు ముక్కలుగా కరిగిపోయి ఉంది. బయట ముక్కు మీద వేలితో నొక్కితే ఎక్కడా ఆనకుండా లోపలికి దిగింది.

ఈసారి ఎంఎల్‌సీ రాస్తుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. రాజీ పత్రం మీద అప్పటికే సంతకాలైపోయాయి. "గట్టు మాకే వదిలేశాడు మేడం," అన్నాడు వెంకటేశ్వర్లు, నేను అడక్కపోయినా. దాని ఖరీదు పక్క గదిలో పడుకుని ఉంది. ఆ మాట ఆయనతో అనాలనుకున్నాను. అనే అర్హత నాకు మాత్రం ఎక్కడుంది? మందులు రాసిచ్చాను.

రెండు నెలలకి ముక్కు నడుమ కుంగిపోయింది. దీన్ని శాడిల్ నోస్ అంటాం, గుర్రం జీనులా ఉంటుందని. కాలేజీలో ఫొటో దిగాల్సి వస్తే శిరీష మాస్కు తీయడం మానేసింది. ఏడాది ఆగి ఆపరేషన్ చేశాను. పక్కటెముక చివర కార్టిలేజ్ తీసి, చెక్కి, దూలంగా నిలబెట్టాను. రూపం చాలావరకు వచ్చింది. కాని ఆ ముక్కు కొస బిగుసుకుపోయి ఉంటుంది, నవ్వితే కదలదు. కుడి పక్క గాలి ఇప్పటికీ సరిగ్గా ఆడదు. పుట్టుకతో వచ్చిన పలకకి సాటి వచ్చేది నేను చెక్కలేను.

ఆఖరి చెకప్‌కి ఒక్కతే వచ్చింది. కుర్చీలోంచి లేస్తూ అడిగింది.

"ఆ రోజు తలుపు కాడ గాలి ఆడట్లేదని చెప్పాను గదా మేడం. మీకు ఇనపడలేదా?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. గది నిండా జనం ఉన్నారు ఆ రోజు.

"వినపడింది," అన్నాను.

శిరీష ఫైలు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కూడా పెద్దమనుషులు వస్తారు, మెట్లంటారు, గేదె పొడిచిందంటారు. నేను వాళ్ళతో వాదించను. వాళ్ళు మాట్లాడుతుండగానే టార్చి వెలిగించి ముక్కులోకి చూస్తాను, పెన్ను ఆ తర్వాతే తీస్తాను. చట్టం కూడా చెప్పేది అదే, ముందు వైద్యం, తర్వాత కాయితం. ఇది నేను శిరీష దగ్గర కొత్తగా నేర్చుకున్నదేమీ కాదు. చదువుకునే రోజుల్లో పరీక్షలో ఇదే ప్రశ్నకి తప్పు లేకుండా జవాబు రాసి పాసయ్యాను.