చూసి చెప్తాను, కూర్చో

లైబ్రరీ అక్క పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. తళవాయిపురం బస్సు కండక్టరు టిక్కెట్టు చేతిలో పెడుతూ, "టీచరమ్మా, మీ లైబ్రరీ అక్క పొద్దున పోయినారంట" అన్నాడు. దిగాల్సిన చోటు దాటిపోయిందని చాలాసేపటికి గాని గమనించలేదు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. రాజపాళయం లైబ్రరీలో పుస్తకాలిచ్చేవాళ్లు వేరే ఉండేవారు. అక్క ఉద్యోగం, అడిగినవాళ్లకు జవాబు వెతికిపెట్టడం. పంతొమ్మిదివందల యాభైల్లో అలాంటి ఉద్యోగం ఒకటుందని మా వైపు ఎవరికీ తెలియదు. ఒక ఆడమనిషి గుమ్మం పక్కన మేజా వేసుకుని కూర్చుంటే, మొదటి ఏడాది జనం చూడటానికే వచ్చారు. తరువాత అడగటానికి వచ్చారు. పత్తికి పట్టిన పురుగేమిటని రైతులు, గాయాలకు చుట్టే కట్టుగుడ్డ ఏ ఊళ్లో అమ్ముడుపోతుందని సత్రపట్టి నేతవాళ్లు. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. రెండూ చదవలేనివాళ్లే ఎక్కువ. అక్క తమిళ పుస్తకం తెరిచి, వరస మీద వేలు పెట్టి చదివి, తెలుగులో చెప్పేది. తెలిసిన సంగతైనా సరే, తలలోంచి చెప్పేది కాదు. "చూసి చెప్తాను, కూర్చో" అనేది. పొద్దు ఏ పక్క పొడుస్తుందని ఎవరో ఆటపట్టిస్తే, దానికీ లేచి బీరువా దగ్గరికి పోయిందని ఊళ్లో చెప్పుకునేవారు. అక్క ఆ పని చేసే మనిషే.

ఆ అక్క ఒకే ఒక్కసారి చూడకుండా చెప్పింది. అది నా విషయంలోనే.

టీచరు ట్రైనింగుకు దరఖాస్తు ఎప్పటిలోగా పంపాలో కనుక్కురమ్మని మా ఊరు సేత్తూరు నుంచి అమ్మను పంపాను. బయట బస్సు హారను కొడుతోంది. "బస్సు పోతాది, బిన్నా చెప్పమ్మా" అని అమ్మ తొందరపెట్టింది. "నెలాఖరు దాకా టైముండాది" అంది అక్క. అది పోయిన ఏటి గడువు. ఈసారి పది రోజులు ముందే ముగిసింది, నా దరఖాస్తు తిరిగొచ్చింది. సీటు రాకపోతే పెళ్లేనని నాన్న ముందే చెప్పి ఉన్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు నేను. అమ్మ వెళ్లి అక్కను దులిపేసి వచ్చింది.

మరునాడే అక్క మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు నాదే అన్నా. బుక్కు చూడకుండా చెప్పినాను. మీ పిల్లకు ఒక ఏడు పోగొట్టినాను."

"ఊరికంతా చూసి చెప్తావు. మా పిల్లకేనా నీకు తీరిక లేకపోయింది?" అన్నాడు నాన్న.

"అవునన్నా. ఒక్క ఏడు పెండ్లి మాట ఎత్తకండి. పిల్లను నా దగ్గరికి పంపండి. వచ్చే ఏడు అప్లికేషన్ నేనే పంపిస్తాను."

నాన్న కోపం పెద్దదే గాని, తప్పు ఒప్పుకున్న మనిషి ముందు నిలవదు. "సరి, ఒక్క ఏడుదా, అంతకు మించి లేదు" అన్నాడు.

ఆ ఏడంతా అక్క మేజా పక్కనే కూర్చున్నాను. ఏ పుస్తకంలో ఏది దొరుకుతుందో, దొరకనప్పుడు 'దొరకలేదు' అని సిగ్గుపడకుండా ఎలా చెప్పాలో నేర్చుకున్నాను. తన ఇడ్లీల్లో సగం నాకు పెట్టి, నా చద్దన్నం తను తినేది. తరువాతి ఏడు సీటు వచ్చింది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. మంచం మీద సగమైపోయి ఉంది.

"ఒకటి అడగాల. ఆ ఏడు పోయిందని నా మీద కోపం ఉండాదా?"

"ఛ, లేదక్కా" అన్నాను.

"అంత బిన్నా చెప్పొద్దు."

దరఖాస్తు తిరిగొచ్చిన రోజు, నాన్న మాట, ఆ రెండు రోజుల ఏడుపు, అన్నీ వెతికి చూశాను.

"కొంచెం ఉండిందక్కా. నీ దగ్గర కూర్చున్నాక ఎప్పుడు పోయిందో నాకే తెలీలేదు."

అక్క దిండు మీదికి వాలింది. "సరి. ఇప్పుడు నమ్ముతాను" అని నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయింది. వీధిలో తళవాయిపురం బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. నేను చెయ్యి తీసుకోలేదు.