అమ్మ ఫోన్‌లో నీలం ట్రేలు

అమ్మదీ నాదీ ఒకే మోడల్ ఫోన్. మామిడి కోతలు మొదలయ్యే ముందు రెండింటికీ పెద్ద అప్‌డేట్ వచ్చింది. నూజివీడు క్యాంపస్‌లో, హాస్టల్ గదిలో కూర్చుని ముందు నా ఫోన్‌లో వేసి చూశాను. కొత్తగా వచ్చినవాటిని అమ్మకు పనికొచ్చేవి, రానివి అని రెండు వరుసలుగా రాసుకున్నాను. ఐకాన్ల ఆకారాలు మారాయి, పనికి రాదు. నోటిఫికేషన్లన్నీ ఒకచోట చేరుతున్నాయి, అదీ అంతే. ఫోటోలోంచి అక్కర్లేని మనుషుల్ని చెరిపేయొచ్చు. అమ్మ అసలు ఫోటోలే తియ్యదు. చివరికి మొదటి వరుసలో ఒక్కటే మిగిలింది. ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్లకి మనం పెట్టిన బొమ్మ తెర నిండా కనిపిస్తుంది.

అమ్మకు చదవడం రాదు. తోటల్లో, షెడ్లలో కాయలు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల ముఠాలో పని చేస్తుంది. ముఠా మేస్త్రి అయిన పెద్దామె మోకాళ్ల నొప్పులతో మానేస్తానంది. పనితనం చూస్తే ఆమె తరవాత అమ్మే. కానీ మనుషులు కావాలని తోటలవాళ్లు చేస్తుంటారు కాబట్టి మేస్త్రి పనిలో సగం ఫోన్లోనే జరుగుతుంది. పెద్దామె కొందరిని అమ్మకు చెయ్యమని చూసింది. తెర మీద పేరు చదవలేని అమ్మ, చేసినవాళ్ల గొంతు పోల్చుకుని ఎవరో తెలుసుకునేలోపే అవతలివాళ్లు విసుక్కునేవారు. దాంతో పెద్దామె చూపు పదో తరగతి చదివిన ఇంకొకామె మీదకు పోయింది.

ఆదివారం ఇంటికి వెళ్లి అమ్మ ఫోన్‌లో తోటలవాళ్ల మొహాలు పెట్టాను.

"ఈయన మొహం నాకెందుకురా? పెళ్లి సంబంధమా?" అంది.

"మరేం పెట్టమంటావ్?"

"రెడ్డిగూడెం తోటకి వాళ్ల గేటు పెట్టు. గేటు చూస్తే పన్నెండు మంది కావాలని గుర్తొస్తుంది."

మర్నాడు అమ్మను బండి మీద ఎక్కించుకుని తిరిగాను. ఎక్కడ ఆగాలో, దేని ఫోటో తియ్యాలో తనే చెప్పింది. ముసునూరు రోడ్డులోని షెడ్డుకి బయట పేర్చిన నీలం ట్రేలు. ఇంకో తోటకి, మనుషుల్ని తీసుకెళ్లే వాళ్ల ట్రాక్టరు. ఎంతమంది వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ట్రేల్లో కాయల కింద పరిచే కాగితం ఉందా లేదా అన్నీ ఒక్కో బొమ్మలో అమ్మకు కనిపిస్తాయి. మనిషిని గుర్తుపట్టడానికి ఇచ్చిన ఫీచర్‌ని అమ్మ పనిని గుర్తుపెట్టుకోవడానికి వాడుకుంది. అప్‌డేట్ గురించి నేను చదివిన ఏ వివరణలోనూ ఆ వాడకం లేదు.

మొదటి కోత రెడ్డిగూడెం తోటలోనే. అమ్మను దింపడానికి వెళ్లి నేనూ ఆగాను. పెద్దామె గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని అందరినీ చూస్తోంది. అమ్మ ఫోన్ మోగింది. తెర నిండా నీలం ట్రేలు. చేతులకు మామిడి సొన అంటుకుని ఉంది, అందుకని వేలి కణుపుతో ఎత్తి స్పీకర్ పెట్టింది.

"ఆఁ అయ్యా, రేపు షెడ్డుకి ఎనిమిది మందేగా? ఆటోలో వస్తాం. కాగితాలు మాత్రం ఎక్కువ తెప్పించండి, కిందటేడు చాల్లేదు."

"నేనింకా ఏం అడగలేదమ్మా," అని అవతలాయన నవ్వాడు.

ఆయన పెట్టేయగానే ఫోన్ మళ్లీ మోగి, తెర మీద ట్రాక్టరు కనిపించింది. అదీ అంతే సాఫీగా మాట్లాడేసింది.

పెద్దామె నడుముకు దోపుకున్న తన ఫోన్ తీసి ఎవరికో చేసింది. "అయ్యా, నేనండీ. ఇక నుంచి మనుషులు కావాలంటే మా అమ్మాయికి చెయ్యండి. నెంబరు రాసుకోండి," అంటూ అమ్మ నెంబరు చెప్పింది. అది అయ్యాక ఇంకొకరికి చేసింది.

అమ్మ తల ఎత్తకుండా కాయలు ఏరుతూనే ఉంది. పక్కనున్నామె ఊరుకోలేక, "ఏంటి, మీవాడు అంత పెద్ద కాలేజీలో చదివేది ఫోన్లో గేటు బొమ్మలు పెట్టడానికా?" అంది.

"అవునే," అంది అమ్మ. "గేటు పెట్టమన్నది నేను, పెట్టింది వాడు."

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అందరూ తెర వైపు వంగారు.